మగ వరసలు

"ఏ భాగం నుంచి తీశారు?" అని అడిగాను.

ల్యాబు మేడమ్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు. సమాధానం తెలిసి కూడా చెప్పడం ఇష్టం లేనివాళ్లు చేసే పని అది. ఈ డిటెక్టివ్ ఉద్యోగంలో నేను చాలామంది కళ్లద్దాలు అలా తుడవడం చూశాను.

"ఏది ఏ భాగం నుంచి?" అంది.

"డీఎన్ఏ. పోలీసులు పంపిన జొన్న గింజల్లోంచి తీశామని రిపోర్టులో రాశారు. గింజకి పైన పొట్టుంటుంది. లోపల పిండి ఉంటుంది. ఒక మూల మొలక వచ్చే చోటుంటుంది. మీరు నూరింది ఏది?"

"ఇవన్నీ మీకెవరు చెప్పారు?"

"నిన్న నన్ను మీ వరండాలో సాయంత్రం దాకా కూర్చోబెట్టారు కదా. గోడల మీదున్న బొమ్మలన్నీ చదివేశాను."

ఆవిడ లేచి వెళ్లి గది తలుపు వేసింది. తిరిగొచ్చి కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి, దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"పొట్టు," అంది.

కేసేమిటో ముందు చెప్పాలి, లేకపోతే ఆ ఒక్క మాట నాకెందుకంత ముఖ్యమో అర్థం కాదు. పశువులకి వేసే జొన్నగడ్డిని మోకాలెత్తులో ఉండగా కొయ్యకూడదు. లేత జొన్నలో విషం ఉంటుంది, తిన్న ఆవు గంటలోపే పడిపోతుంది. పరిశోధన క్షేత్రంలో పనిచేసే ఒకాయన, అందరూ జొన్న సారు అంటారు, జీవితమంతా ధారపోసి విషం లేని రకం ఒకటి తయారుచేశాడు. మోకాలెత్తులో కోసి వేసినా ప్రమాదం లేదని బస్తా మీద అచ్చువేశారు. ఒక డెయిరీ వాళ్లు ఆ మాట నమ్మారు. విత్తారు, మోకాలెత్తుకి రాగానే కోశారు, పాకలో ఆవులన్నిటికీ వేశారు. ఆవులు వరసగా పడిపోయాయి. కొట్టుకుంటూ పడుతున్న ఒక ఆవుకీ గోడకీ మధ్య పాలు పితికే ఆవిడ ఇరుక్కుపోయి చనిపోయింది. ఆవిడకి ఏడేళ్ల కూతురుంది.

జొన్న సారుని పట్టుకెళ్లారు. డెయిరీలో మిగిలిన బస్తాలోంచి గింజలు తీసి ఈ ల్యాబుకి పంపారు. అది ఆయన రకమేనని ల్యాబు తేల్చింది. ఆయన కూడా తప్పు నాదేనన్నాడు. రేపు కోర్టులో అదే మాట మళ్లీ అంటాడు, దాంతో సరి. ఆయన భార్య ఒక్కతే నమ్మడం లేదు. దారిలో ఎవడో గింజలు మార్చాడని నా దగ్గరికొచ్చి ఏడ్చింది. ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు మా ఆయన తమ్ముడు, అంటే సాక్షాత్తూ నా మరిది. కాబట్టి పోలీసు సాయం సంగతి మీరే ఊహించుకోండి.

"పొట్టయితే ఏమిటి మేడమ్?" అన్నాను.

"ఈ రకం మామూలు రకం కాదు. రెండు రకాల్ని జత చేస్తే పుట్టిన బిడ్డ. తల్లి మొక్కలకి సొంత పుప్పొడి ఉండదు. పక్కనే మగ వరసలు నాటతారు, వాటి పుప్పొడి తల్లి మీద పడాలి. తల్లిలోనూ విషం లేదు, తండ్రిలోనూ లేదు, అందుకని బిడ్డలో ఉండదు. గింజ మీద పొట్టు తల్లి ఒంట్లోది. బిడ్డకి కప్పిన దుప్పటి అనుకోండి. లోపల పడుకున్నదానికి తండ్రి ఎవరో దుప్పటికేం తెలుసు?"

"అంటే మీరు పరీక్ష చేసింది తల్లిని."

"తల్లిని ఒక్కదాన్నే."

"ఇంత తెలిసినావిడ అదెలా చేశారు?"

"అలవాటు," అంది నేల చూపులు చూస్తూ. "మాకొచ్చే గడ్డి రకాల్లో చాలా వాటికి తల్లీ తండ్రీ ఒకటే. పొట్టు చేత్తో నలిపితే ఊడొస్తుంది, మొలకెత్తించే పని ఉండదు. మీ ఇన్‌స్పెక్టరు మర్నాటికల్లా కావాలని కూర్చున్నాడు. చేతులు వాటంతట అవే ఆ పద్ధతిలోకి వెళ్లిపోయాయి. ఇది జత రకమని సంతకం పెట్టి పంపాక గుర్తొచ్చింది."

"గుర్తొచ్చి నోరు మూసుకున్నారు."

"మూసుకోలేదు. మిగిలిన గింజలు తడికాగితంలో పెట్టి మొలకెత్తించాను. నిన్నటికి ఫలితం వచ్చింది. అందుకే మిమ్మల్ని వరండాలో కూర్చోబెట్టాను. ఎవరికి చెప్పాలో తేల్చుకోలేక."

సొరుగులోంచి ఒక ఫొటో తీసి నా ముందు పెట్టింది. నల్లటి నేపథ్యం మీద నిలువు దారులు, ఒక్కో దారిలో అడ్డంగా తెల్లగీతలు. మొదటి దారి తల్లిది, రెండోది జొన్న సారు వాడిన తండ్రిది, మిగిలినవి మొలకలవని చూపించింది. బిడ్డ దారిలో తల్లి గీత ఒకటి, తండ్రి గీత ఒకటి ఉండాలట. తల్లి గీత ప్రతి మొలకలోనూ ఉంది. తండ్రి గీత ఒక్కదాంట్లోనూ లేదు. దానికి బాగా పైన, ఎవరిదో తెలియని గీత ఇంకొకటి మెరుస్తోంది. చదువురాని వాళ్లకైనా తెలిసిపోతుంది.

"ఇరవై మొలకలు. ఇరవైకీ తండ్రి వేరు. అన్నిటికీ ఒకడే," అంది.

"గాలికి ఎక్కణ్ణించో కొట్టుకొచ్చిన పుప్పొడేమో?"

"గాలైతే ఒకటో రెండో. అన్నిటికీ ఒకడేనంటే మగ వరసల్లో వాడే నిలబడి ఉన్నాడన్నమాట. మామూలు జొన్న ఏదో. విషం వాడిదే."

"కంపెనీ గోదాములో బస్తాలు మార్చేసి ఉండొచ్చు కదా?"

"మారిస్తే తల్లి కూడా మారేది. తల్లి ఆయన తల్లే. ఆ తల్లి ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఈ గింజ ఆయన మళ్లోనే పుట్టింది."

ఆ మాట నా చెవిన పడింది కానీ బుర్రలోకి దిగలేదు. నేను నమ్మిన మనిషి నిర్దోషి అని తేలిందన్న సంతోషంలో ఉన్నాను. సంతోషంలో నాకు చెవులు సరిగా పనిచెయ్యవని మా ఆయన ఎప్పుడూ అంటాడు.

"ఆ తండ్రి ఏ రకమో తేల్చాలంటే?"

"వాడి ఆకు కావాలి. మడి కోసేశారు, కానీ మోళ్లుంటాయి. జొన్న మోడు అంత తేలిగ్గా చావదు, నాలుగు చినుకులు పడితే పిలక వేస్తుంది. మగ వరస మోడు మీది పిలక ఒక్కటి తెచ్చివ్వండి, పోల్చి చూసి రాసిస్తాను. నా తప్పు కూడా రాసిస్తాను."

తలుపు దాకా వెళ్లి ఆగాను. "మేడమ్, మీరు పొట్టు నూరారని రిపోర్టు చూస్తే జొన్న సారుకి తెలుస్తుందా?"

"పద్ధతి నంబరు వేశాం. బయటివాళ్లకి అదొక అంకె. ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది, నాకు ఈ పాఠం చెప్పిందే ఆయన. కాపీ ఆయనకీ వెళ్లింది. చూడగానే నన్ను కడిగేస్తారని భయపడుతూ కూర్చున్నాను."

"కడిగేశారా?"

"అందింది అని సంతకం పెట్టి పంపారు," అంది ల్యాబు మేడమ్.

* * *

జైల్లో ములాఖాత్ గదికి జొన్న సారు గోడ పట్టుకుని నడిచొచ్చాడు. ఆయన చేతికర్ర లోపలికి రానివ్వలేదట. తుంటి విరిగి అతుక్కున్న మనిషి. బల్ల అవతల కూర్చోడానికి చాలాసేపు పట్టింది.

"పొట్టు తీసి పరీక్ష చేశారు సార్," అన్నాను, దాచుకున్న మిఠాయి తీసి ఇచ్చినట్టు.

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నారా?"

"రిపోర్టులో తప్పేం లేదమ్మా. తల్లి మా తల్లే."

"తండ్రి కాదు కదా."

ఆయన మెల్లగా తలెత్తాడు. "మొలకెత్తించారా?"

"ఇరవై మొలకలు. అన్నిటికీ ఇంకెవడో తండ్రి. మీ రకం ఎవరినీ చంపలేదు సార్. రేపు కోర్టులో మీరు తప్పు ఒప్పుకోనక్కర్లేదు."

ఆనందం వస్తుందనుకున్నాను. కనీసం కన్నీళ్లు. ఆయన మొహంలో ఉన్న కాస్త రక్తం కూడా దిగిపోయింది.

"ఆ మొలకలు పారేయమని చెప్పండి," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఈ మనిషి కోసం నేను తిండీ నిద్రా మానుకుని తిరుగుతుంటే, తన మెడకి ఉరితాడు తానే తగిలించుకుని ముడి బాగా పడిందా లేదా అని చూసుకుంటున్నాడు. మర్యాద పక్కనపెట్టి, నేరస్తుణ్ణి అడిగినట్టే అడగడం మొదలుపెట్టాను.

"మగ వరసలు నాటింది ఎవరు?"

"నేనే."

"తుంటి ఎప్పుడు విరిగింది?"

"మొలకలొచ్చిన వారానికి. కాలవ గట్టు మీద జారాను."

"ఆస్పత్రి నుంచి ఎప్పుడొచ్చారు?"

"గింజ పాలు పోసుకుంటున్నప్పుడు."

"అప్పటికి మగ వరసలున్నాయా?"

"కోసేశారు. పుప్పొడి పని అయిపోగానే కోసెయ్యాలి, లేకపోతే వాటి గింజ దీంట్లో కలుస్తుంది. అదే పద్ధతి."

"అంటే మగ వరసలు ఎదగడం మీరు కళ్లతో చూడలేదు."

ఆయన తుంటి సర్దుకుంటూ పక్కకి తిరిగాడు.

"నీళ్లు పెట్టింది ఎవరు? కోసింది ఎవరు?"

"కూలీలు."

"పేర్లు?"

"గుర్తులేదు."

ఆ మళ్లో ఉన్న ఒక్కో మొక్కకీ ఏడు తరాలు వెనక్కి వెళ్లి వంశం చెప్పగల మనిషి. ఆయనకి కూలీల పేర్లు గుర్తులేవట. అబద్ధం ఆడటం కూడా ఒక పనే, అలవాటు లేనివాళ్లు చేస్తే చూడలేం.

"ఎవరిని దాస్తున్నారు సార్?"

"రెండేళ్లో మూడేళ్లో వేస్తారు," అన్నాడు, నేనడిగింది విననట్టు. "నాకేం ఫర్వాలేదు. ఎండ తగలదు, అదొక్కటే. మీరు కష్టపడ్డారు, మీకు దండం పెడతాను. ఇక్కడితో వదిలెయ్యండి." లేవబోయి, బల్ల మీద చెయ్యి వేసి ఆగాడు. "మా ఆవిడ ఆ గౌను కుట్టేసిందా?"

"ఏ గౌను?"

"ఏం లేదు. ఆవిడ ముందు పాలావిడ మాట ఎత్తకండి. అన్నం మానేస్తుంది."

మళ్లీ గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. బయటికొచ్చి నిలబడ్డాక కూడా నా కోపం చల్లారలేదు. నమ్మిన శిష్యుణ్ణెవరినో కాపాడుతున్నాడని తేల్చుకున్నాను. పిలక దొరికితే వాడూ దొరుకుతాడు. ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా బయటికి లాక్కొస్తానని పంతం పట్టాను. ఆ పంతం పట్టకుండా ఉంటే ఎంత బాగుండేదో ఇప్పుడు అనుకుని లాభం లేదు.

* * *

వాళ్ల క్వార్టర్సు వెనకే విత్తనాల మడి. కూలీల మీద నమ్మకం లేక జొన్న సారు దాన్ని ఇంటి వెనకే పెట్టుకున్నాడు. తాళం చెవి కోసం ముందు ఇంటికి వెళ్లాను.

సారు భార్య దర్జీ. మెడలో కొలతల టేపు వేసుకునే తలుపు తీసింది. నా మొహం చూడగానే సంగతి పట్టేసింది.

"ఏదో దొరికింది! మీ కళ్లే చెబుతున్నాయి."

"గింజల్లో తండ్రి మారాడమ్మా. మీ ఆయన తప్పు లేదు."

ఆవిడ అక్కడే గుమ్మంలో కూలబడింది. టేపు రెండు కొసలూ కళ్లకి అద్దుకుని ఏడ్చింది. నాకు ఓదార్చడం రాదు. పక్కన కూర్చుని మెట్ల మీదున్న డబ్బాలు చూస్తూ ఉండిపోయాను. పాత నూనె డబ్బాల్లో మిరప, చిక్కుడు, టమాటా. ఒక్కో డబ్బాలో మొక్కలు మూడేసి, మూడేసి ఉన్నాయి. కంచె పక్కన చిక్కుడు వరస కూడా అంతే, జానెడుకి ఒక గుంట, గుంటకి మూడు మొక్కలు. వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలం కుట్టుదారం లాగి కట్టి ఉంది.

"ఏంటమ్మా ఇది, మొక్కలకి కూడా కొలతలు తీసి కుట్టారా?" అన్నాను, ఏడుపు ఆపుతుందని.

నవ్వింది పాపం, ఏడుస్తూనే. "వంకర గీత చూస్తే నాకు నిద్ర పట్టదండీ. దారం కట్టి నాటతాను. మా ఆయన ఎప్పుడూ ఎగతాళి చేస్తారు."

"మూడేసి ఎందుకు?"

"ఒకటి చచ్చిపోయినా ఇంకోటి ఉంటుందని. ఒంటరిగా నాటాలంటే నాకు భయం."

లోపల కుట్టుమిషను మీద చిన్న పసుపు గౌను ఉంది. ఒక చెయ్యి కుట్టి ఉంది, రెండోది లేదు. సూది ఇంకా గుడ్డలోనే దిగి ఉంది. నేను చూడటం ఆవిడ చూసింది.

"పాలావిడ కూతురిది. కొలతలిచ్చి వెళ్లింది, ఆ మర్నాడే..." టేపు వేలికి చుట్టుకుంది. "రోజూ మాకు పాలు పోసేది. పదిహేనేళ్ల నుంచి. ఆ గుడ్డ మీద చెయ్యి వెయ్యలేను, అలాగని తియ్యలేను. ఆ గింజలు మార్చినవాడు నాకొక్కసారి కనబడాలండీ. కొట్టను, తిట్టను. ఆ పిల్లని తీసుకెళ్లి వాడి ఎదురుగా నిలబెడతాను. దీనికి ఏం చెబుతావో చెప్పు అంటాను."

"కనబడతాడు. మళ్లోంచి ఒక పిలక తెచ్చుకుంటే చాలు, తాళం చెవి ఇవ్వండి," అన్నాను. నేనన్న మాటే అది. ఎంత ధీమాగా అన్నానో కూడా గుర్తుంది.

"మీరు పదండి. కంచె తాళం పోలీసులు పగలగొట్టేశారు, చెవి అక్కర్లేదు. నేను ఇస్త్రీపెట్టె ఆపేసి వస్తాను," అంది.

* * *

మళ్లో నాకంటే ముందే మా మరిది ఉన్నాడు. బూట్లకి మట్టి అంటకుండా గట్టు మీద నిలబడి, నోట్లో గడ్డిపరక పెట్టుకుని నములుతున్నాడు.

"రా వదినా. జైల్లో నువ్వు మొలకల గురించి ఉపన్యాసం ఇచ్చావని కబురొచ్చింది. ఇక్కడికే వస్తావనుకున్నా. ఇంట్లో అన్నయ్యకి తిండి ఎవరు పెడుతున్నారు?"

"ఆయనే నాకు పెడుతున్నాడు. నువ్వూ నేర్చుకో, ఈ కేసు అయ్యాక నీకు బోలెడు ఖాళీ దొరుకుతుంది. ఆ నములుతున్నది జొన్న పిలకేమో చూసుకో, లేతది విషం."

ఠక్కున ఉమ్మేశాడు. అది వట్టి గరిక. నేను నవ్వాను, అతను నవ్వలేదు.

"మనిషి తనంతట తాను తప్పు నాదంటున్నాడు. రిపోర్టు కూడా అదే అంటోంది. మధ్యలో నీ గొడవేంటి?"

"నువ్వు తొందరపెట్టి పొట్టు నూరించిన రిపోర్టు అది. తల్లిని చూసి తండ్రి పేరు రాసేశారు. మొలకలు వేరే మాట చెబుతున్నాయి. నీ రిపోర్టు రేపు కోర్టులో చిత్తుకాగితం."

మా మరిది తెలివితక్కువవాడు కాదు. పరాచికం వదిలేసి గట్టు దిగాడు, బూట్లు మట్టిలో పడినా పట్టించుకోలేదు.

"సరే, తండ్రి వేరు. అయితే ఆ తండ్రిని తెచ్చి ఇక్కడ నాటిన మనిషి ఒకడుండాలి. చూపించు. జొన్న సారుని వదిలేస్తా, వాణ్ణి పట్టుకెళ్తా. నాకెవరైనా ఒకటే వదినా. ఆ చచ్చిపోయినావిడ కూతురు రోజూ స్టేషన్ మెట్ల మీదకొచ్చి కూర్చుంటోంది. మా అమ్మ చావుకి కారణం ఎవరని అడుగుతోంది. దానికి చెప్పడానికి నాకో పేరు కావాలి."

అతని గొంతులో అంత బాధ నేను ఎప్పుడూ వినలేదు. మోకాళ్ల మీద కూర్చుని పనిలో పడ్డాను.

మడి అంతా మోళ్లే. మొన్నటి వానకి పిలకలు లేచాయి. నాలుగు ఆడ వరసలు, పక్కన రెండు మగ వరసలు, మళ్లీ నాలుగు, మళ్లీ రెండు. ఆడ వరసల్లో మోళ్లు ఒక్కొక్కటిగా, ఎడంగా ఉన్నాయి. ముడులు వేసిన తాడు పట్టుకుని, ముడికో గింజ వేసుకుంటూ పోయిన వరసలవి. పరిశోధన క్షేత్రం వాళ్లు నాటే పద్ధతే అది.

మగ వరసల్లో పిలకలు గుత్తులుగా ఉన్నాయి.

ఒకే మోడు మూడు పిలకలు వేసిందేమో అనుకుని గుత్తి చుట్టూ మట్టి తవ్వాను. వేళ్లతో మొదళ్లు విడదీశాను. మూడు మోళ్లు. మూడింటికీ వేర్లు విడివిడిగా ఉన్నాయి. పక్క గుత్తి చూశాను, అదీ మూడే. రెండు గుత్తుల మధ్య చెయ్యి చాపి పెట్టాను. సరిగ్గా జానెడు. వరస గీత గీసినట్టు పోతోంది, ఎక్కడా వంకర లేదు.

వరస చివరికి పాక్కుంటూ వెళ్లాను. అక్కడ మేకులాగా మట్టిలో ఒక దారపు రీలు గుచ్చి ఉంది. రంగు వెలిసిన నీలం దారం దానికి ఇంకా రెండు చుట్లు మిగిలి ఉంది.

ల్యాబు మేడమ్ పొద్దున్న అన్న మాట అప్పుడు దిగింది బుర్రలోకి. ఈ గింజ ఆయన మళ్లోనే పుట్టింది. జొన్న సారు ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మగ వరసలు లేవు. ఆవులు చచ్చాక, ఎందుకు చచ్చాయో అర్థం కాక, ఇక్కడికొచ్చి నాలాగే మోకాళ్ల మీద కూర్చుని మోళ్లు చూసుకుని ఉంటాడు. మూడేసి. జానెడు ఎడం. ఆయనకి నాలాగా తవ్వి చూడాల్సిన పని కూడా ఉండదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ చిక్కుడు వరసల్ని ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో. లేచి నేరుగా స్టేషన్‌కి వెళ్లి తప్పు నాదన్నాడు. ఆయన దాచింది ఆవిణ్ణి పోలీసుల నుంచి కాదు. పదిహేనేళ్లు తనకి పాలు పోసిన మనిషి తన చేతి మూలంగా పోయిందన్న సంగతిని ఆవిడ నుంచి దాచాడు. జైలుకి పోయైనా దాన్ని తనతో పట్టుకుపోదామనుకున్నాడు.

దాన్ని నేను తవ్వి పైకి తీశాను. నాకు ఏడుపొచ్చింది. ఇంకా చెప్పాలంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

రీలు మట్టిలోంచి పీకి గుప్పిట్లో మూసుకున్నాను. ఇంకో చేత్తో ఆ మొదటి గుత్తిని వేర్లతో సహా లాగేశాను. ఎన్ని లాగగలను? మడి నిండా అవే. అయినా రెండోది లాగాను, మూడోది లాగాను. సాక్ష్యం పాడుచేస్తే ఏమవుతుందో నాకు తెలియక కాదు.

"ఏం చేస్తున్నావు వదినా?"

"కలుపు తీస్తున్నాను."

"ఆ గుప్పిట్లో ఏంటి?"

"ఏం లేదు. నువ్వన్నదే నిజం, మధ్యలో నా గొడవ అనవసరం. గాలికొచ్చిన పుప్పొడే అయ్యుంటుంది. పద, ఇంటికెళ్దాం. మీ అన్నయ్య ఎదురుచూస్తుంటాడు."

ఇన్నేళ్లలో నేను అతనికి నువ్వన్నదే నిజం అనడం అదే మొదటిసారి. అక్కడే దొరికిపోయాను. మా మరిది దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. మాట తీరు మారిపోయింది.

"మేడమ్, మీ చేతిలో ఉన్నది ఇలా ఇవ్వండి."

నన్ను మేడమ్ అన్నాడంటే అతను మా ఇంటి మనిషి కాడు, ఇన్‌స్పెక్టరే. నేను ఇవ్వలేదు. అతను నా మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగా కాదు, కానీ వదలకుండా. మేమలా పెనుగులాడుతుండగా కంచె తలుపు కిర్రుమంది.

సారు భార్య చేతులు తుడుచుకుంటూ వస్తోంది. మెడలో టేపు అలాగే ఉంది. అంత తేలికపడ్డ మొహం ఆవిడకుంటుందని నేను అప్పటిదాకా ఎరగను.

"ఇన్‌స్పెక్టరు గారూ, మీకూ చెప్పారా? మా ఆయన తప్పు లేదట," అంది దూరం నుంచే. దగ్గరికొచ్చి, నా వేళ్ల సందుల్లోంచి వేలాడుతున్న దారం చూసింది. "అయ్యో, అది నా రీలు కదూ! ఇల్లంతా వెతికాను దానికోసం."

"అమ్మా, ఎండ మండిపోతోంది. లోపలికెళ్దాం రండి," అన్నాను.

మా మరిది నా మణికట్టు వదిలేశాడు. చాలా మెత్తగా అడిగాడు. "ఎప్పుడు పోయిందమ్మా రీలు?"

"ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడండీ. చెప్పకండేం, నవ్వుతారు. ఆయన అలా మంచాన పడ్డారో లేదో ఈ మగ వరసల్ని పురుగు కొట్టేసింది. ఒక్కటి మిగల్లేదు. చెబితే కట్టు విప్పుకుని వచ్చేస్తారని భయపడి చెప్పలేదు."

"అమ్మా, మాట్లాడకండి," అన్నాను.

"చెప్పనివ్వు వదినా," అన్నాడు మా మరిది. ఆ 'వదినా' అనడంలో బతిమాలుకోవడం ఉంది. ఆపమని నన్ను బతిమాలుతున్నాడో, ఆపొద్దని బతిమాలుతున్నాడో అతనికే తెలియదనుకుంటాను.

"పిట్టలకి వేసే జొన్నలు ఇంట్లో ఉంటే అవే తెచ్చి నాటేశాను. పుప్పొడి కోసమే కదా, ఏ జొన్నదైతే ఏంటి, ఎలాగూ కోసి పారేసేవే కదా అని. ఆ ఎండలో రెండు రోజులు పట్టింది, దారం కట్టుకుని, గుంటకి మూడేసి. ఒక్క గుంట ఖాళీ పోనివ్వలేదు చూడండి." వరసల వంక గర్వంగా చెయ్యి చూపించింది. "ఆయనకి ఈనాటికీ తెలీదు. వరసలన్నీ నిండుగా ఉన్నాయని ఆయనొచ్చి చూసి సంతోషపడాలని అంతే."

నేను లాగి పారేసిన గుత్తులు ఆవిడ కాళ్ల దగ్గరే పడి ఉన్నాయి. వంగి ఒకటి తీసుకుంది. మట్టి దులిపి, పిలక చిట్లకుండా రెండు చేతుల్లోనూ పెట్టుకుని నాకు అందించింది.

"ఇదేనా మీకు కావలసింది? దీంతో వాడెవడో తేలిపోతుందా?"

నేను చెయ్యి చాపలేదు. మా మరిది కూడా చాపలేదు. ఆవిడ నా వంక చూసింది, తర్వాత అతని వంక చూసింది.

"మీకు తెలిసిపోయింది కదూ," అంది. "ఎవడండీ వాడు? పేరు చెప్పండి చాలు. ఆ పిల్లని నేనే తీసుకొస్తాను."